యంత్రయుగ గాథ – 17వ భాగము: గంధకము కాచిన ఉక్కు

ఆంట్వర్పు రేవునుండి ఇంగ్లండునకు పోవుచున్న ఓడమీద, 1913 సెప్టెంబరు 29వ తేదీ రాత్రి, భోజనానంతరము తన గదికి పోయిన రుడాల్ఫ్ డీజిలు తెల్లవారునప్పటికి కానరాకపోవుటతో గత భాగమున ఆతని కథ ముగిసినది. నిప్పురవ్వతో పనిలేక, గాలిని అదిమి పుట్టించిన వేడిమితోనే ఇంధనమును మండించు ఆతని యంత్రము ఔగ్స్‌బర్గు కర్మాగారమున 1897లో లోకమునకు ప్రత్యక్షమై, మిల్లులయందును ఓడలయందును కుదురుకొని, తుదకు 1931లో అమెరికాలోని క్యాటర్‌పిల్లర్ కంపెనీవారి చలువవలన ఇనుపపట్టాల ట్రాక్టరునెక్కి చేలలోనికి దిగివచ్చినదని చెప్పుకొంటిమి. ఈ భాగమున ఆ యంత్రము కడుపులో తిరుగు నూనె కథ చెప్పుకొందము.

ఎడ్లబండి ఇరుసునకు కందెన పెట్టు మన పల్లెటూరి రైతు ఆముదమును ఒంటిగా పూయడు. కాల్చిన గడ్డి మసిని అందులో కలిపి, ముద్దగా మెదిపి, అటుపిమ్మట పూయును. బరువు పడినచోట నూనె నిలువక ప్రక్కలకు జారిపోవుననియు, అది తొలగిన క్షణమున ఇరుసునకును చక్రమునకును నడుమ నిలిచి ఉండునది మరియొకటి కావలెననియు ఆతనికి తాతముత్తాతలనాటినుండి తెలియును. డీజిలు ఇంజను విషయమున రసాయనవేత్తలు ఇరువది యేండ్లకు పైగా వెదకినదియు అట్లు నిలిచి ఉండు వస్తువునే. వారికది దొరకిన తీరు మాత్రము విచిత్రమైనది. ఏలయన, దొరకిననాడు వారు దానికొరకు వెదకుచుండలేదు.

1931లో పొలములోనికి దిగిన డీజిలు ట్రాక్టరు తొలినాళ్లలో రైతులను మురిపించెను. పెట్రోలుకంటె చవుకయైన ఇంధనముతో, అదియును తక్కువ వాడకముతో, పగలనక రాత్రియనక నాగళ్లను లాగెను. కొంతకాలము గడచునప్పటికి మాత్రము బలము సన్నగిల్లుట, గొట్టమునుండి నీలిపొగ వెలువడుట, నూనె నీళ్లవలె ఖర్చగుట మొదలాయెను. ఇంజను విప్పి పిస్టనును పైకి లాగిన మెకానిక్కు చూచినదేమనగా, వేలితో త్రిప్పినచో గాడిలో చులకనగా తిరుగవలసిన రింగులు, నల్లని లక్కవంటి పదార్థముచేత గాడికి అతుకుకొనిపోయి, స్క్రూడ్రైవరు మొన దూర్చి పెకలించినను కదలకుండెను. డీజిలు ఇంజనులో పీడనమును వేడిమియు పెట్రోలు ఇంజనునందుకన్న మిక్కుటము కావున, రింగుల గాడిలో చిక్కిన నూనె ప్రాణవాయువుతో కలిసి మొదట జిగురై, పిదప లక్కయై, తుదకు బొగ్గై గట్టిపడుచుండెను. రింగు బిగిసిన పిమ్మట మంట వాయువులు దానిని దాటి క్రిందికి దిగును. నూనె పైకి ప్రాకి మండిపోవును. లైనరు గీతలు పడును. రైతు పంటకాలమున ట్రాక్టరును షెడ్డులో పెట్టి ఆకాశము వంక చూచుచు కూర్చుండును.

తప్పెవరిదన్న వివాదము అప్పుడు చెలరేగెను. ఇంజను చేసినవారు నూనెను నిందించిరి. నూనె అమ్మినవారు ఇంజనును నిందించిరి. ఆ దినములలో నూనె యనగా భూమినుండి తీసి శుద్ధిచేసిన నూనెయే. అందులో వేరొక వస్తువును కలుపుట కల్తీతో సమానమని వర్తకుల తలంపు. పెన్సిల్వేనియా ప్రాంతపు నూనెవర్తకులకు తమ సరకు స్వభావసిద్ధముగనే శ్రేష్ఠమన్న అభిమానము మెండు. పెట్రోలు కార్లవిషయమున అది నిజమే. కాని మైనము పాలు అధికముగా గల ఆ జాతి నూనెలు డీజిలు వేడిమికి కాగినప్పుడు మిగిల్చిపోవు బొగ్గు మిక్కిలి కఠినము. పెట్రోలు కార్లవారు చిన్నచూపు చూచిన కాలిఫోర్నియా జాతి నూనెలు మిగిల్చునది మెత్తనిది. కులగౌరవము ఒకరిదై, పనితనము వేరొకరిదైన ఇట్టి సందర్భములు యంత్రచరిత్రలో అరుదు కావు.

క్యాటర్‌పిల్లర్ కంపెనీకి కాలిఫోర్నియాతో పుట్టింటి బంధుత్వము కలదు. 1925లో ఏకమై ఆ కంపెనీగా ఏర్పడిన హోల్టు, బెస్టు సంస్థలు రెండును ఆ రాష్ట్రమువే. కావున వారు తమ కష్టమును స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ కాలిఫోర్నియా వారికి చెప్పుకొనుట సహజము. అచ్చటి రసాయనవేత్తల యోచన సామాన్య గృహిణికి సైతము బోధపడునట్టిది: జిడ్డుపట్టిన గిన్నెను సబ్బు వదల్చునట్లు, రింగుల గాడిని నూనెలో కరగు సబ్బు ఏల వదల్చరాదు? సోడాకు మారుగా అల్యూమినియముతో వారు చేసిన ఆ లోహపు సబ్బు నూనెలో కరగి, పుట్టుచున్న మసిని పుట్టినచోటనే చుట్టుముట్టి, గాడికి అంటనీయక తేలియాడించెను. 1935 ప్రాంతమున ఆ నూనె విపణికి వచ్చెను. ‘డీజిలు ఇంజనుల కందెన నూనె’ అను అర్థమిచ్చు ఆంగ్లపదముల తొలి అక్షరములను కూర్చి దానికి ‘డెలో’ అని పేరు పెట్టిరి. ఆ పేరు నేటికిని డబ్బాలమీద కనబడుచున్నది.

సబ్బు కలిసిన నూనె కొలది గంటలలోనే కాటుకవలె నల్లబడును. పూర్వపు నూనె తేనెరంగుతో చిరకాలముండెడిది. అది పాడైనదా లేదా అని రంగును చూచియే నిర్ణయించుట అలవాటైన కండ్లకు ఈ నలుపు భయము గొలిపెను. మసిని మోయుచున్నందుననే నూనె నల్లబడినదనియు, పూర్వము ఆ మసి గాడిలో గడ్డకట్టుచున్నందుననే నూనె తేటగా కనబడినదనియు జనులకు నచ్చచెప్పవలసివచ్చెను. ఈ భయము దేశకాలములకు అతీతము. విజయవాడ ఆటోనగరులో లారీ ఇంజనులను విప్పుచు తల నెరసిన మేస్త్రీ ఒకరు, కొలబద్ద కొననుండి ఒక చుక్కను బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ రుద్ది నాకు చూపుచు, “నల్లబడని నూనెను నమ్మకండి బాబుగారూ, మసంతా లోపలే ఉండిపోయిందన్నమాట” అని అన్నమాట నేను మరువలేదు. కాలిఫోర్నియా ప్రయోగశాలవారు చెప్పదలచినదంతయు ఆ ఒక్క వాక్యమున ఇమిడి ఉన్నది.

అయితే, కొండనాలుకకు మందు వేసిన ఉన్ననాలుక ఊడినట్లు, రింగుల వ్యాధిని కుదిర్చిన సబ్బు బేరింగులకు వ్యాధిని తెచ్చిపెట్టెను. పూర్వపు బేరింగులకు తగరము ప్రధానముగా గల తెల్లలోహము పూయుచుండిరి. డీజిలు పిస్టను గ్రుద్దు గ్రుద్దులకు ఆ మెత్తని లోహము బీటలువారుచుండగా, దానికి మారుగా రాగిలో సీసమును కలిపిన గట్టి బేరింగులను వాడజొచ్చిరి. సబ్బులోని లోహము నూనెలో ప్రాణవాయువు చేరుటను త్వరితపరచెను. దానివలన ఆమ్లములు పుట్టెను. ఆ ఆమ్లములు రాగిని విడిచి సీసమును ఏరి ఏరి తినివేసెను. బేరింగును విప్పి చూచినవారికి, సీసము కరగిపోగా చెదలు తినిన కర్రవలె చిల్లులుపడిన ఎఱ్ఱని రాగిగుల్ల చేతికి వచ్చెను. సబ్బు లేక రింగులు బిగియును. సబ్బు ఉన్న బేరింగులు చెడును. ఈ రెండింటి నడుమ మరియొక కాపలాదారు కావలసివచ్చినప్పుడు రంగప్రవేశము చేసినది మన కథానాయకమగు గంధకము.

గంధకము నూనెలకు అప్పటికే అపరిచితము కాదు. ఉక్కును కోయు లేతుయంత్రముల నూనెలో గంధకమును కాచి కలుపుట వాడుకలో ఉండెను. 1926-27లో ప్యాకార్డు కంపెనీవారు కారును నేలకు దగ్గరగా దించుటకై వెనుక ఇరుసునందు హైపాయిడ్ గేర్లను ప్రవేశపెట్టగా, దొర్లుచునే జారు ఆ పండ్ల ఒరిపిడికి వట్టి నూనె ఆగకపోయినందున, గంధకము చేర్చిన నూనెలే దిక్కైనవి. తిమింగిలపు నూనెలో గంధకమును చేర్చి గేర్లకు వాడుట 1970వ దశకమువరకు సాగినది. ఆ మహాప్రాణి వధను తలచుకొనినప్పుడు నాకు ఇప్పటికిని మనసు చివుక్కుమనును. ఇంతటి ఉపకారియైనను గంధకమును ఉన్నది ఉన్నట్లుగా ఇంజను నూనెలో వేయుటకు వీలులేదు. స్వేచ్ఛగానున్న గంధకము వేడిమి తగిలినంతనే రాగిని కరచి నల్లబరచును, ఆ బేరింగులలో ఉన్నది రాగియే. శోధింపని గంధకమును మన రసవైద్యులు ముట్టలేదు. శోధించి పాదరసముతో నూరినప్పుడు మాత్రమే అది కజ్జలియై ఔషధమునకు ఆధారమగునని వారు నమ్మిరి. డీజిలు నూనెకును కావలసినది అట్లు కట్టుబడిన గంధకమే.

కట్టుబడిన గంధకము గనులనుండి వచ్చెను. 1920వ దశకమున అమెరికన్ సయనమిడ్ కంపెనీవారు ఖనిజమును మట్టినుండి వేరుచేయుటకు ‘ఏరోఫ్లోట్’ అను రసాయనములను అమ్ముచుండిరి. నూరిన ఖనిజమును నీటిలో కలిపి, దానిని వేసి గాలి బుడగలను పంపినచో, సీసపు రాగి ఖనిజముల రేణువులు బుడగలకు అంటుకొని పైకి తేలును, మట్టి అడుగున నిలుచును. ఆ అణువులో భాస్వరమునకు గట్టిగా కట్టబడిన గంధకము లోహపు తలమును పట్టుకొనగా, నూనెజాతి తోక వెలుపలికి నిలిచి బుడగను పట్టుకొనుటయే దానిలోని మర్మము. లోహమును పట్టుకొని విడువని గుణమే బేరింగునకును కావలసియుండెను. భాస్వరగంధకమును మద్యసారజాతి ద్రవముతో కాచి, వచ్చిన ఆమ్లమును జింకు భస్మముతో శాంతింపజేసినచో తేనెవలె చిక్కనైన ద్రవము తయారగును. కాచునప్పుడు వెలువడు వాయువు కుళ్లిన గుడ్ల కంపు కొట్టును, పీల్చినవానికి ప్రాణాపాయకరమును అగును. ఒక జింకు పరమాణువునకు రెండు భాస్వరములు, నాలుగు గంధకములు. దీని శాస్త్రీయనామము జింకు డయల్కైల్ డైథయోఫాస్ఫేటు. వృత్తిలోనివారు జెడ్‌డీడీపీ యనియు, తొందరలో వట్టి ‘జింకు’ అనియు అందురు. పేరు జింకునకు దక్కినను పనిలో గంధక భాస్వరముల పాలే అధికమని నా అభిప్రాయము.

ఇటువంటి వస్తువు ఒక్కరికే తట్టదు. 1940వ దశకపు తొలి సంవత్సరములలో కాలిఫోర్నియాలోని యూనియన్ ఆయిల్ వారును, క్లీవ్‌లండు ప్రాంతపు లుబ్రిజోల్ వారును, సయనమిడ్ వారును ఒకరి వెనుక ఒకరుగా ఈ జాతి రసాయనములపై హక్కుపత్రములు సంపాదించిరి. వారిలో యూనియన్ ఆయిల్ కంపెనీకి చెందిన హెర్బర్టు ఫ్రాయిలర్ పేరిట 1944 డిసెంబరులో వెలువడిన పత్రములను చరిత్రకారులు ప్రత్యేకముగా పేర్కొందురు. లుబ్రిజోల్ వారి పుట్టుక 1928లో, కార్ల కింది స్ప్రింగు పట్టీల కిర్రుచప్పుడు మాన్పు గ్రాఫైటు నూనె అమ్ముటతో. సొంత నూనెబావి లేకయే, ఇతరుల నూనెలో కలుపవలసిన వస్తువులను మాత్రమే చేసి అమ్ముచు బ్రతుకవచ్చునని నిరూపించి, కల్తీయని వర్తకులు ఏవగించుకొనిన పనినే వారు పరిశ్రమగా నిలబెట్టిరి.

అది మహాయుద్ధకాలము. సైన్యమునకు పెట్రోలు ట్రక్కునకొక నూనె, డీజిలు ట్యాంకునకొక నూనె, పడవకొక నూనె మోసుకొనిపోవు తీరిక లేదు. తీరములపై సైనికులను దించిన హిగ్గిన్సు పడవలయందు 225 అశ్వశక్తుల డీజిలు ఇంజను. షెర్మను ట్యాంకులలో ఒక రకమునందు జంట డీజిళ్లు. అన్నిటికి సరిపడు నూనె ఎట్లుండవలెనో 1941లో అమెరికా సైన్యము 2-104 అను శాసనముగా వ్రాసి, ఒకే సిలిండరు గల క్యాటర్‌పిల్లర్ ఇంజనును 480 గంటలు నడిపి రింగులను పరీక్షించు పద్ధతిని విధించెను. నూనెలో కలుపుట కల్తీ యను పూర్వపు అభిమానము ఈ దెబ్బతో అణగారినది. కలుపనివాడు సైన్యమునకు నూనె అమ్మలేడు.

ఇంతవరకును జింకు రసాయనమును బేరింగుల కాపలాకే, అనగా ఆమ్లములు పుట్టకుండుటకే, నూనెలో వేయుచుండిరి. 1949లో ఓల్డ్స్‌మొబీలు, క్యాడిలాకు కార్లకు క్రొత్తరకపు వి-8 ఇంజనులు వచ్చెను; పిమ్మట తక్కిన కంపెనీలును పోటీపడి శక్తిని పెంచిరి. కవాటములను వేగముగా తెరచి మూయుటకు బలమైన స్ప్రింగులు పెట్టగా, క్యాంషాఫ్టు ముక్కునకును ట్యాపెట్టునకును నడుమ వేలకొలది వాతావరణముల పీడనము ఏర్పడి, ఆ ముక్కులు కొలదికాలమునకే అరిగి మొండివగుచుండెను. అప్పుడు, 1950వ దశకము నడుమ, పరీక్షలు జరిపినవారికి ఒక వింత బయటపడినది. జింకు కలిసిన నూనె వాడిన ఇంజనులలో క్యాం ముక్కులు చెక్కుచెదరక నిలిచినవి! బేరింగుల గుమ్మమువద్ద నిలిపిన కాపలాదారు ఎవరును చెప్పకుండగనే ఇల్లంతయు కాయుచుండెనన్నమాట. అప్పటినుండి అరుగుదలను ఆపుట దాని రెండవ ఉద్యోగమై, క్రమముగా మొదటిదానిని మించినది.

ఆ కాపలా ఎట్టిదో కొంచెము దగ్గరగా చూతము. నూనెపొర చిట్లి ఉక్కు ఉక్కును రాచుకొను చోట, ఆ ఒత్తిడికిని వేడిమికిని ఈ అణువు విచ్చిపోవును. గంధకము ఇనుమును చేరి అడుగున నిలుచును. దానిపై భాస్వరము, జింకు, ప్రాణవాయువు కలిసి గాజువంటి పొరగా పేరుకొనును. మనిషి వెంట్రుక మందములో ఆ పొర ఇంచుమించు వెయ్యవ వంతు. రాపిడి లేనిచోట అది పెద్దగా పెరుగదు. రాపిడి కలచోట, ఎంత అరిగిన అంతకు మరల కట్టుకొనుచు, లోహమునకు బదులు తానే అరిగిపోవుచుండును. 2015లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు సూదిమొనతో తడిమి చూచు సూక్ష్మదర్శినిని ఈ నూనెలో ముంచి, ఆ పొర పెరుగుటను అప్పటికప్పుడు చూడగలిగిరి. ఒత్తిడి హెచ్చినకొలది పొర త్వరగా పెరిగినదనియు, కొంత మందమునకు చేరిన పిదప తనంతట నెమ్మదించినదనియు వారు కనుగొనిరి. బరువు పడినచోట నిలిచి ఉండునది కావలెనన్న కందెన రైతు కోరిక గుర్తున్నది కదా! ఈ వస్తువు అట్టిచోటులను తానే వెదకి కట్టుకొనును.

డీజిలునకు దానిని ఒదిగించుటలో ఒక మెలకువ కలదు. ఏ జాతి మద్యసారముతో దానిని చేసిరో దానినిబట్టి అది విచ్చిపోవు వేడిమి మారును. ద్వితీయజాతితో చేసినది త్వరగా విచ్చి క్యాంను వెంటనే కాయును. ప్రాథమికజాతితో చేసినది వేడిమికి ఎక్కువకాలము ఓర్చును. దీర్ఘకాలము వేడిలో పనిచేయు లారీ ఇంజనులకు ప్రాథమికజాతిదానియందే మొగ్గు. డీజిలునకు తోడుపుట్టువైన మసి మరియొక చిక్కు. ఆ నల్లని రేణువులు నూనెలో పెరిగినకొలది గాజుపొరను గీకివేయుచుండును, కావున మసిని విడివిడిగా తేలియాడించు మందు లేనిదే జింకు ఒంటరిగా నెగ్గుకొనిరాజాలదు.

గంధకమే ఈ కథలో ప్రతినాయకము కూడ. ఆనాటి డీజిలు ఇంధనములో సహజముగానున్న గంధకము మండి, తేమతో కలిసి గంధకామ్లమై లైనరును తినుచుండెను; దానిని చంపుటకు నూనెలో సున్నముజాతి క్షారములను దట్టించిరి. ఒకే ఇంజనులో, పిస్టను పైభాగమున శత్రువైన వస్తువు, అడుగున క్యాంషాఫ్టువద్ద రక్షకము. పైది విచ్చలవిడిగా మండినది, క్రిందిది భాస్వరముచేత కట్టబడినది. భేదమంతయు అందే ఉన్నది. మన దేశమున 2020 ఏప్రిల్ 1నుండి ఇంధనములోని గంధకము పదిలక్షలకు 10 పాళ్లకు దిగినది. నూనెలోని గంధకమును మాత్రము కొలతలు పెట్టి తగ్గించిరేగాని తొలగింపలేకపోయిరి. ఆ కొలతలెందుకు వచ్చినవో, పొగను వడపోయు జల్లెడలకును ఈ నూనెకును కలిగిన కలహమేమో తరువాత రానున్నది.

1950వ దశకము ముగియునప్పటికి డీజిలు నూనె యున్నచోటనెల్ల జింకు ఉండెననుట ఇంచుమించు నిజము. ఒక్క రైలుషెడ్డులో తప్ప. జనరల్ మోటార్సువారి రైలింజనులలో పిస్టను పిన్ను బేరింగులకు వెండి పూత వేయుచుండిరి, ఆ వెండికి జింకు రసాయనము గిట్టదు. లారీకి అమృతమైన నూనె పొరపాటున రైలింజనులో పడినచో బేరింగులు చెడును. 1962లో భారతీయ రైల్వే అమెరికానుండి రెండు జాతుల డీజిళ్లను, ఆల్కోవారి డబ్ల్యూడీఎం-2ను, జనరల్ మోటార్సువారి డబ్ల్యూడీఎం-4ను తెప్పించి పోల్చి చూచినది. వానిలో ఒకదాని కడుపులో వెండి ఉండెను. ఏది కాశీలోని కర్మాగారమునకు చేరినదో, ఏ కారణములవలన గెలిచినదో, గుత్తి, కాజీపేట షెడ్డులలోని మేస్త్రీలు ఏ ఇంజను శబ్దమునకు చెవులు అలవాటు చేసికొనిరో వచ్చు భాగమున చెప్పుకొందము.